చుక్కగేదె చేపిన పూట

తిరువూరు శివారు వీధిలో అంతోనయ్య ఆ ఉదయానికి వేసుకున్న ప్రణాళిక చిన్నదే. ఆరింటికి ఎ.కొండూరు నుంచి దశరథరామయ్య వస్తాడు. ఆయన ఎదుట చుక్కగేదెను పిండి చూపించాలి. కళ్లారా పాలు చూడనిదే ఏ ఆసామీ గేదె మెడకు తాడు వేయడు. పాలు చూస్తాడు, బేరం కుదురుతుంది, వీధిలో మిగిలిన ఆఖరి గేదె కూడా వెళ్లిపోతుంది. కోతమిషన్లు వచ్చాక గడ్డి నుగ్గయి పొలంలోనే పోతోంది. మేపుకొద్దామంటే ప్రతి మామిడితోటకూ కంచె. అరవై రెండేళ్ల మోకాళ్లతో ఎక్కడని తిరుగుతాడు పాపం.

పాలు పిండే మనిషి మాత్రం ఇంట్లో లేదు. "నా కళ్లముందు దాన్ని తోలుకుపోతుంటే నేను చూడలేను. అమ్ముకునేవాడివి నువ్వేగా, నువ్వే పిండుకో" అని భార్య అంతోనమ్మ ముందురోజు సాయంత్రమే గంపలగూడెంలో ఉన్న చెల్లెలింటికి ఆటో ఎక్కేసింది. "పిండలేననుకున్నావా?" అన్నాడు అంతోనయ్య వెనకనుంచి. ఆయన గేదెను పిండి పదిహేనేళ్లయింది. ఆ సంగతి పైకి ఒప్పుకుంటే మొగుడెలా అవుతాడు?

చెయ్యి అలవాటు చేసుకుందామని అయిదున్నరకే బకెట్టు పట్టుకొని కూర్చున్నాడు. పొదుగు కడిగాడు, తవుడు పెట్టాడు, బతిమాలాడు, తిట్టాడు. చుక్క చేపలేదు. పాలు పైకి బిగబట్టుకొని, వీడెవడన్నట్టు వెనక్కి తిరిగి చూసింది. అప్పుడు గుర్తొచ్చింది. దూడ చచ్చిపోయిన దగ్గర్నుంచి అంతోనమ్మ జపమాల పైకి చెబుతూ పిండుతోంది. ఆ జపం చెవిన పడితేనే ఈ మహాతల్లి పాలు వదులుతుంది.

అంతోనయ్య చర్చి మెట్టెక్కేది ఏడాదికోసారి, క్రిస్మస్‌కి. మంగళవార్త జపం ఆయనకు సగమే వచ్చు. ఆ సగాన్నే గొంతెత్తి మళ్లీ మళ్లీ మొదలుపెట్టాడు. వేకువ చలికి గొంతు పట్టేసి అది ఏడుపులా వినిపించింది. నాలుగోసారికి సన్నగా ఒక ధార పడింది.

వాకిలి ఊడుస్తున్న పక్కింటి పిచ్చమ్మ చీపురు ఆపింది. ఈ మనిషి నోట జపమా? "ఏమైంది అన్నా? వదినేది?" అంది గోడమీంచి. జపం ఆపితే ధార ఆగిపోతుంది. అందుకని అంతోనయ్య నోరు ఆపకుండానే చెయ్యెత్తి గంపలగూడెం వైపు చూపించాడు. గంపలగూడెం ఆ దిక్కునే ఉన్న మాట నిజం. కానీ కింద కూర్చున్న మనిషి గోడ మీదుగా చూపించేసరికి ఆ వేలు తిన్నగా ఆకాశానికి వెళ్లింది. పిచ్చమ్మ నోటిమీద కొంగు పెట్టుకొని వీధిలోకి పరుగెత్తింది.

అరగంటలో వీధి వీధంతా కదిలొచ్చింది. చర్చి ఉపదేశి జోజప్ప పుస్తకం పట్టుకొని వచ్చాడు. ఎవరో కుర్చీలు కూడా దింపించారు. గేదెను అమ్ముతుంటే నలుగురూ చూడ్డానికి రావడం మామూలేగానీ, ఇంత దిగులు మొహాలు పెట్టుకొని వస్తారని అంతోనయ్య అనుకోలేదు. మంచివాళ్లే, పశువంటే అభిమానం ఉంది అనుకున్నాడు.

"ధైర్యంగా ఉండన్నా. ఎప్పుడు?" అన్నాడు జోజప్ప భుజం మీద చెయ్యేసి.

"ఆరింటికే రావాలి. ఇంకా రాలేదు."

"ఎవరు?"

"తీసుకెళ్లేవాడు."

జోజప్ప సిలువ గుర్తు వేసుకున్నాడు.

అంతలో పిచ్చమ్మ గుంజకు ఆనుకొని బావురుమంది. "ఓ అంతోనమ్మ వదినా, నాకొక్క మాటైనా చెప్పకుండా పోయావా."

అంతోనయ్య జేబులో ఫోన్ తడుముకున్నాడు. అయితే వీళ్లకు గంపలగూడెం నుంచి కబురొచ్చింది, తనకే ఎవరూ చెప్పలేదు. ఫోన్ చేశాడు. స్విచ్ఛాఫ్. మళ్లీ చేశాడు. స్విచ్ఛాఫే. ఇంకేం కావాలి? తాను పుట్టించిన పుకారును తానే అందరికంటే గట్టిగా నమ్మాడు. నిన్న ఆటో దగ్గర "అన్నం తిని వెళ్లు" అని కూడా అనలేదే అని కుమిలిపోయాడు. చుక్క మెడ కావలించుకొని "మనిద్దరమే మిగిలామే" అంటూ పసిపిల్లాడిలా ఏడ్చాడు.

ఆడవాళ్లు జపమాల అందుకున్నారు. ముప్ఫై గొంతులు. చుక్క చెవులు రిక్కించింది, కాళ్లు ఎడం చేసింది, ఇక చేపింది చూడండి. అంతోనయ్య ఏడుస్తూనే కూర్చుని పిండాడు. ఎంత కష్టమొచ్చినా చేపిన గేదెను అలా వదిలేస్తే పొదుగు పాడవుతుంది. బకెట్టు నిండి నురగ అంచు దాటింది. గంటన్నర ఆలస్యంగా వచ్చిన దశరథరామయ్య పాలు చూశాడు, జనాన్ని చూశాడు. కొత్త తాడు వెనక్కి దాచుకొని, చెప్పులు విప్పి ఒక పక్కన నిలబడ్డాడు.

ఎనిమిదింటికి వీధి చివర ఆటో ఆగింది. అంతోనమ్మ దిగింది. రాత్రంతా నిద్రపట్టక, పోయేముందు చుక్కను ఒక్కసారి చూసుకుందామని వచ్చేసింది. ఇంటిముందు కుర్చీలు, జపం, ఏడుపులు. ఇంట్లో ఉన్నది మొగుడొక్కడే. "ఓరి నాయనో, పంతానికి పోయి మనిషిని పోగొట్టుకున్నానే" అని గుండెలు బాదుకుంటూ పరుగెత్తింది. ఆమెను చూసి పిచ్చమ్మ కుర్చీలో కూలబడింది. పాల బకెట్టుతో అంతోనయ్య ఎదురొచ్చాడు.

"బతికే ఉన్నావా?" ఇద్దరూ ఒకేసారి అడిగారు.

"ఫోనెందుకు కట్టేశావే?"

"ఛార్జింగు అయిపోయింది. ఏంటా కళ్లు? ఏడ్చావా?"

"గేదె తోక తగిలింది."

అసలు సంగతి తేలడానికి పావుగంట, అంతోనయ్య వేలిని పిచ్చమ్మ తిట్టుకోవడానికి ఇంకో పావుగంట పట్టింది. వచ్చినవాళ్లను ఊరికే పంపలేక, ఉన్న పాలన్నీ టీకి పెట్టారు. దశరథరామయ్య గ్లాసు కింద పెట్టి గొంతు సవరించుకున్నాడు. "పాలు చూశాను అంతోనయ్యా. నాకు నచ్చింది. తాడు వేయమంటావా?"

అంతోనమ్మ చుక్క వీపు నిమురుతూ అటు తిరిగి నిలబడింది.

"వద్దండి రామయ్యగారు" అన్నాడు అంతోనయ్య. "ఇంట్లో ఉన్న రెండు ప్రాణాల్లో ఒకటి లేకపోతే ఎట్లా ఉంటుందో పొద్దున గంటసేపు చూశానండి. మళ్లీ చూడలేను."

"మరి గడ్డో?"

"అది రేపటి ఏడుపండి. రేపు ఏడుస్తాను."

ధర దగ్గరైతే దశరథరామయ్య సాయంత్రం దాకా వాదించేవాడు. ఈ మాట విన్నాక మాత్రం తాడు చంకలో పెట్టుకొని వెళ్లిపోయాడు.

సాయంత్రం అంతోనమ్మ బకెట్టు పెట్టుకొని కూర్చుని, ఎప్పటిలాగే జపం మొదలుపెట్టింది. చుక్క చేపలేదు. మిగతా ఇరవై తొమ్మిది మంది కోసం వాకిలి వైపు చూస్తూ నిలబడింది.