మంచి ధనియాలు దొరకకుండుగాక!

వంటింట్లోకి నాణ్యమైన మసాలా దినుసులు దొరక్కపోవడం శాపమని మీరనుకుంటున్నారు. పొరపాటు. అది వరం! ఈ మాట ఊరికే అనడం లేదు. ఉప్పల్, నాచారం చుట్టుపక్కల కిరాణా కొట్లన్నీ వాసన చూసి మరీ అంటున్నాడు చిదంబరం.

చిదంబరం ఎవరంటారా? ఈ కాలమ్ రాసే పెద్దమనిషే. తన గురించి తాను 'నేను, నేను' అని రాసుకుంటే గొప్పలు పోతున్నాడంటారని, తనను తాను మూడో మనిషిని చేసుకున్నాడు. ఇంట్లో ఉండేది ఇద్దరే అయినా, అక్కడ కూడా ఆయన స్థానం అదే.

గుమస్తాగా రిటైరై నాచారంలో కుదురుకున్నాడు. భార్య త్రిపురసుందరికి ఉప్పల్‌లో టీచరు ఉద్యోగం ఇంకా ఉంది. "ఇకనుంచి వంట నాది" అని ఆయన ఆవేశంగా ప్రకటించాడు. గోదావరి వైపువాడు కాబట్టి వంట రక్తంలోనే ఉందని ఆయన నమ్మకం. ఈ పని కూడా ఊడితే పగలంతా చేయడానికి ఆయనకి ఇంకేమీ లేదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, ఆవిడకీ తెలుసు.

మొదటి రోజు గుత్తి వంకాయ కూర నోట్లో పెట్టుకుని ఆవిడ కాసేపు ఆలోచించింది. "ధనియాల్లో పస లేదండీ" అంది.

అంతే! ఆయనకి జీవిత ధ్యేయం దొరికింది.

మీరే ఆలోచించండి. మంచి ధనియాలు వీధి చివరే దొరికితే ఆయన రామంతాపూర్ దాకా నడిచేవాడా? ఒంట్లో షుగరు తగ్గేదా? దమ్మాయిగూడ వెళ్లే షేర్ ఆటోలో ముక్కూ మొహం తెలియని వాళ్లతో లవంగాల గురించి చర్చించే యోగం పట్టేదా? కల్తీ పుణ్యమా అని ఆయన సగం శాస్త్రవేత్త అయ్యాడు. గ్లాసు నీళ్లలో పసుపు కలిపి, అడుక్కి ఏం దిగుతుందోనని కన్నార్పకుండా చూస్తాడు. దాల్చినచెక్కని వెలుతురుకి పట్టి దాని వంశం చెబుతాడు.

ఆన్‌లైన్‌లో 'సింగిల్ ఆరిజిన్', అంటే ఒకే తోటలో పండిన మిరియాలు కూడా తెప్పించాడు. ప్యాకెట్ మీద కోడ్ స్కాన్ చేస్తే రైతు ఫోటో, కొండ ఫోటో, కొండ మీద మబ్బు ఫోటో వచ్చాయి. రసంలోకి మాత్రం ఘాటు రాలేదు.

ఇంతకన్నా పెద్ద లాభం ఇంకోటుంది. సాంబారు చప్పగా తేలిందా? ఇంగువ కల్తీ. కూర మాడు వాసనొచ్చిందా? జీలకర్ర పాతది. అన్నం ముద్దయిన రోజున కూడా ఆయన యాలకుల డబ్బా వైపే అనుమానంగా చూశాడు. వంటవాడి మీద ఈగ వాలనివ్వని ఇలాంటి ఏర్పాటు ఇంకెక్కడైనా ఉందా?

ఇంత చక్కగా సాగుతున్న సంసారంలో నిప్పులు పోసింది పక్కింటి కిష్టమ్మ. పాపం, మంచి మనసుతోనే. వాళ్లది నాచారంలో పాత కాపురం, ఒకప్పుడు వ్యవసాయం. చుట్టాల పొలం నుంచి వచ్చిన ధనియాలని డాబా మీద ఎండబెట్టి, వేయించి, దంచి, ఒక ఆదివారం పొద్దున్నే డబ్బాడు పొడి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"గీ పాకిట్ల ఎంబడి ఎందుకు తిరుగుతున్రు సారూ? మా పెద్దమ్మోల్ల చెల్కల పండినయి. జర గిది ఏసి సూడుండ్రి" అంది.

మూత తీస్తే హాలంతా ఘుమఘుమలాడింది. చిదంబరం గబుక్కున మూత పెట్టేశాడు. వాసన ఉంది, పస ఉంది, కల్తీ లేదు. ఇక తప్పు తోయడానికి ఎవరున్నారు?

ఆ రోజు ఆయన వంకాయల్ని చంటిపిల్లల్లా చూసుకున్నాడు. నూనె తక్కువైందేమోనని పోశాడు, ఎక్కువైందేమోనని తీశాడు. భోజనాల వేళకి కిష్టమ్మ కూడా అదే పొడితో చేసిన వంకాయ కూర ఓ గిన్నెడు పంపింది. రెండు గిన్నెలూ బల్ల మీద పక్కపక్కనే ఉన్నాయి.

ఆయన ముందు కిష్టమ్మ కూర రుచి చూసి కళ్లు మూసుకున్నాడు. తర్వాత తన కూర రుచి చూసి కళ్లు తెరిచాడు. ఇన్నాళ్లూ నోరులేని దినుసుల్ని పట్టుకుని నానా మాటలూ అన్నందుకు నిజంగానే సిగ్గేసింది.

త్రిపురసుందరి రెండు కూరలూ కలుపుకుని తింది. కిష్టమ్మ ధనియాలు దంచుతుంటే డాబా మీద పక్కనే కూర్చుని జల్లెడ పట్టింది ఈవిడే. ఆ పొడి ఎంత మంచిదో ఆవిడకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. చిదంబరం గరిటె అప్పగించడానికి సిద్ధపడి కూర్చున్నాడు.

ఆవిడ గొంతు తగ్గించింది. "పైకి అనకండి. కిష్టమ్మగారు మంచి పొడి తనకుంచుకుని, పాతది మనకిచ్చినట్టున్నారు."

ఆయన తలెత్తి చూశాడు. ఆవిడ తలెత్తలేదు. ఆయన కూరే ఇంకో ముద్ద కలుపుకుంది.

"రేపోసారి అన్నోజిగూడ వైపు వెళ్లి చూడండి. అక్కడ ధనియాలు బాగుంటాయట" అంది.

కనుక పాఠకులారా, మంచి ధనియాలు ఎక్కడ దొరుకుతాయో మీలో ఎవరికైనా తెలిస్తే, దయచేసి చిదంబరానికి మాత్రం చెప్పకండి.