రోజుకొక మాట సాక్ష్యం

కళ్ళకు రెప్పలు పెట్టిన దేవుడు చెవులకెందుకు పెట్టలేదా అని సాలోమోను చాలాకాలంగా ఆలోచిస్తున్నాడు. ప్రార్థనలో రెండు మూడుసార్లు అడిగాడు కూడా. జవాబు వచ్చిందో లేదో తెలియదు. వచ్చినా, ఇంట్లో హెలెనమ్మ గొంతు ముందు అది నిలబడదు.

హెలెనమ్మ అతని భార్య. వీధిలో వాళ్ళు పెట్టిన పేరు మైకమ్మ. ఆమె మొగుణ్ణి "కాఫీ తాగుతావా?" అని అడిగితే వెనకవీధిలో ఇద్దరు "తాగుతాం" అంటారని జమ్మలమడుగులో చెప్పుకుంటారు.

సాలోమోను పద్దెనిమిదేళ్ళుగా బండల ఫ్యాక్టరీలో కోత మిషను తిప్పుతున్నాడు. నాపరాయి మీద బ్లేడు దిగితే పక్కవాడు గొంతు చించుకున్నా సైగ చేసినట్టే ఉంటుంది. అది అతనికి ఏనాడూ మోత అనిపించలేదు. హెలెనమ్మే మోత.

ఒకరోజు పొద్దుటూరు నుంచి సమీరా అనే నర్సు వచ్చింది. మోతలో పనిచేసేవాళ్ళ చెవులు ఎంత దెబ్బతింటున్నాయో పరిశోధన చేస్తోందట. అందరికీ వరసగా హెడ్‌ఫోన్లు తగిలించి, "కూత వినపడినప్పుడల్లా చెయ్యెత్తన్నా" అంది.

సాలోమోనుకు కూతలు వినబడలేదు. మీట నొక్కే వేలు మాత్రం కనబడింది. వేలు కదిలినప్పుడల్లా చెయ్యెత్తాడు. చెవులు చెడ్డాయని తేలితే మిషను మీద నుంచి తీసి బండలు మోయిస్తారని అతని భయం.

"పసిబిడ్డ చెవులన్నా నీవి!" అని ఆశ్చర్యపోయి, ఆమె అందరితోపాటు అతనికీ రెండు స్పాంజి బిరడాలు ఇచ్చింది. "మిషను కాడ ఇవి చెవుల్లో పెట్టుకోవాల. పోయిన వినికిడి మళ్ళా రాదు."

సాలోమోను ముఖం వెలిగింది. రెప్పలు! ఇన్నేళ్ళకు దేవుడు పంపాడు.

ఆ రెప్పలు మిషను దగ్గర జేబులో ఉండేవి. ఇంటి గడప దగ్గర చెవుల్లోకి ఎక్కేవి.

"ఏమప్పా, గ్యాసు అయిపోయిందని పొద్దున్నించి చెప్తాండా!"

"ఊఁ."

"మా యమ్మ నెల దినాలు ఉండేదానికి వస్తాదంట!"

"శానా సంతోషం."

పెళ్ళయి ఇరవై ఏళ్ళలో అత్తగారి రాకకు సాలోమోను సంతోషించడం ఇదే మొదటిసారి. హెలెనమ్మకు అనుమానం వచ్చింది. మర్నాడు, ఇంట్లోవాళ్ళను అడగాల్సిన ప్రశ్నలున్నాయని సమీరా ఇంటికొచ్చింది. సాలోమోను అప్పుడు పనిలో ఉన్నాడు.

ఆ సాయంత్రం నుంచి ఇల్లు చప్పుడు లేకుండా పోయింది.

సందేహం వచ్చి బిరడాలు తీసి చూశాడు. అయినా చప్పుడు లేదు. హెలెనమ్మ వంట చేస్తోంది, ఊడుస్తోంది, అప్పుడప్పుడు పెదవులు మాత్రం కదుపుతోంది. ప్రార్థన చేసుకుంటోంది కాబోలు అనుకున్నాడు.

మూడోరోజు కుర్చీలో కూర్చుని లేచేసరికి ప్యాంటు మీద పచ్చటి చారలు. "రంగేసినావని చెప్పగూడదా?" అని గొడవపడ్డాడు. హెలెనమ్మ తన నోరు చూపించింది, అతని చెవి చూపించింది, మళ్ళీ పెదవులు కదిపింది.

"మైకు కాలిపోయిందప్పా!" అని తోటి పనివాడు పాల్ రాజుకు సంబరంగా చెప్పాడు.

ఆదివారం చర్చిలో సాక్ష్యాల సమయం వచ్చింది. సాలోమోను లేచాడు. "ప్రభువుకు స్తోత్రం. నా ఇంట్లో అద్భుతం జరిగింది. దేవుడు నా భార్య నోటికి కాపలా పెట్టినాడు. వారం దినాలుగా ఒక్కమాట మాట్లాడల్యా."

ఆడవాళ్ళ వైపు భుజాలన్నీ ఊగిపోయాయి. పాల్ రాజు అతని చొక్కా పట్టి లాగి చెవిలో అరిచాడు. "ఏందన్నా నువ్వు చెప్పేది! నిన్న నేను మీ యింటికొస్తే, నేనుండేంతసేపూ ఆయమ్మ నీతో మాట్లాడతానే ఉండె. అరిచేది నిలిపింది, అంతే!"

అప్పుడు హెలెనమ్మ లేచింది. మైకు వద్దంది. పెదవులు కదిలాయి. నవ్వులు ఆగిపోయాయి. ఒక ముసలామె కొంగు కళ్ళకద్దుకుంది. పాస్టరుగారు కళ్ళద్దాలు తీశాడు. చర్చి మొత్తం అతని భార్య మాట వింటోంది. సాలోమోనుకు మాత్రం చెవిలో ఈల ఒక్కటే. పావుగంట.

ఇంటికి పోయే దారిలో, "ఏం చెప్పినావే?" అన్నాడు. పెదవులు కదిలాయి. ముందుకు పరుగెత్తి, ఆమె ముఖం చూస్తూ వెనక్కి నడిచి, ఆగి ఉన్న ఆటోలో కూలబడ్డాడు.

హెలెనమ్మ గొంతు ఎత్తింది. "నర్సమ్మ వారం దినాలు అరవద్దనింది. నీకు ఎంత వినపడతాదో తేలిపోతాదనింది. తేలిందా? నీకు వినపడాలని అరిచి అరిచి మైకమ్మనైతి. పెండ్లినాడు నేను అరిచే మనిషినా?"

సాలోమోను గుర్తు చేసుకోవాలని చూశాడు. పెళ్ళినాటి చీర రంగు గుర్తుంది. గొంతు గుర్తు రాలేదు.

"తప్పయిపాయ. చర్చిలో ఏం చెప్పినావో చెప్పు."

"రేపు మిషను కాడ ఆ బిరడాలు చెవుల్లో పెట్టుకో. పెట్టుకున్నాడని పాల్ రాజు చెప్తే, సాయంత్రం ఒక మాట చెప్తా. రోజుకొక మాట."

"పావుగంట మాట్లాడితివే!"

"అందుకే తొందరగా మొదలుపెట్టు."

సోమవారం సమీరా మళ్ళీ పరీక్ష చేసింది. "ఫలితాలు ఓనరుకు చెప్పము, భయపడొద్దన్నా" అని, ఈసారి అతన్ని గోడవైపు తిప్పి కూర్చోబెట్టింది. సాలోమోను చేతులు చాలాసేపు ఒళ్ళోనే ఉన్నాయి. ఆమె కాగితం మీద ఏదో రాస్తూనే ఉంది.

ఆ సాయంత్రం హెలెనమ్మ వెలుతురులో ఎదురుగా నిలబడి, మామూలు గొంతుతో ఒక మాట అంది. "ప్రభువుకు."

మంగళవారం, "స్తోత్రం."

"ఇదేం అన్యాయమే! అందరి సాక్ష్యమూ అట్లే మొదలవుతాది!"

"నేనూ అట్లే మొదలుపెట్టినా."

బుధవారం "మా" వచ్చింది. గురువారం "ఆయన" వచ్చాడు.

శుక్రవారం ఫ్యాక్టరీకి కరెంటు రాలేదు. మిషను తిరగని రోజు మాట లేదని హెలెనమ్మ చట్టం. సాలోమోను సైకిలు తొక్కుకుంటూ సబ్‌స్టేషనుకు పోయాడు.

"ఏమప్పా, లైను ఎప్పుడిస్తారు?"

అక్కడున్నతను ఏదో చెప్పాడు. సాలోమోను ఇంకోసారి అడగాల్సి వచ్చింది.