మార్లిస్‌కి ఇంకా పది వారాలు

ఆ సోమవారం పొద్దున మార్లిస్ హాగెన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరింటికి లేవాలి, కాఫీ పెట్టుకోవాలి, గంటసేపు కంప్యూటర్ ముందు కూర్చోవాలి, ఆ తర్వాత బడికి వెళ్లి మూడు వందలమంది పిల్లలకు వండిపెట్టాలి. వేసవిలో ఆ బడిని పక్క ఊరి బడిలో కలిపేస్తున్నారు. వంటగదికి తాళం పడుతుంది. యాభై ఆరేళ్ల వయసులో ఆమెకు కనిపించిన దారి ఒక్కటే: ఆసుపత్రి రికార్డులు రాసే పని నేర్పే పది వారాల ఆన్‌లైన్ కోర్సు. వారానికో శరీర భాగం గురించి పాఠం, శనివారం పరీక్ష.

చిక్కల్లా మార్లిస్‌తోనే. ఇదివరకు రెండు కోర్సులు మొదలుపెట్టి, రెండింటినీ మూడో వారంలో వదిలేసింది. అడిగేవాళ్లు లేకపోతే తను చదవదని ఆమెకు తెలుసు. అందుకే దారిలో స్నేహితురాలు బెర్నడీన్ నడిపే కాఫీ హోటల్‌ దగ్గర ఆగింది.

"రోజూ నన్ను నిలదీసి అడగవే, చదివావా లేదా అని."

"నేనొక్కదాన్నే అడిగితే అబద్ధం చెప్పి తప్పించుకుంటావు. ఊరంతా అడగాలి," అంది బెర్నడీన్. ఆ రోజు సూప్ పేరు రాసే బోర్డు కింద పెద్ద అక్షరాలతో రాసేసింది: 'మార్లిస్‌కి ఇంకా పది వారాలు. పలకరించండి.'

మొదట చూసింది ఆర్విల్ స్టెనెరుడ్. మార్లిస్ పక్కింటాయన. ఆమె తపాలా పెట్టె ఎవరు విరగ్గొట్టారన్న గొడవతో పదకొండేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు.

"ఇది నిజమేనా?" అన్నాడు టోపీ తీసి.

"నిజమే. గుట్టుగా ఉంచుకుందామనుకుంది. నేనే ఊరుకోలేదు. ఒంటరిగా తట్టుకోలేదు పాపం."

"పది వారాలేనా?"

"ఒక్కరోజు కూడా పెంచరట. ముందే చెప్పేశారు."

మర్నాడు మార్లిస్ తలుపు తీసేసరికి ఇంటి ముందు రాత్రి కురిసిన మంచు మొత్తం ఎత్తేసి ఉంది. పార పట్టుకుని ఆర్విల్ నిలబడ్డాడు. "నువ్వు నీ సంగతి చూసుకో. మంచు సంగతి నాకొదిలెయ్," అని, తల దించుకుని వెళ్లిపోయాడు. సాయంత్రానికి మెట్ల మీద మాంసం, కూరగాయలు కలిపి కాల్చిన వేడివేడి హాట్‌డిష్ గిన్నె ఒకటి ప్రత్యక్షమైంది. బుధవారానికి మూడు వచ్చాయి. శుక్రవారానికి ఫ్రిజ్ తలుపు పడలేదు. ఇంట్లో వంట తప్పింది, పార పట్టడం తప్పింది, చదువుకు రోజూ రెండు గంటలు మిగిలాయి. చదువంటే ఈ ఊరికి ఇంత గౌరవం ఉందని తెలియనందుకు మార్లిస్ సిగ్గుపడి, కళ్లు తుడుచుకుని, పుస్తకం తెరిచింది. మూడో వారం దాటిపోయింది.

ఒకరోజు సరుకుల కొట్లో పాస్టర్ గ్రేటా ఎదురైంది.

"ఎలా ఉంది మార్లిస్?"

"ఈ వారం కాలేయం. చంపేస్తోందనుకో. పోయిన వారం ఊపిరితిత్తులు, అవి అయిపోయాయి."

పాస్టర్ చేతిలోని బుట్ట కింద పెట్టేసింది. "మరి... వచ్చే వారం?"

"గుండె అట. దాని గురించే నా భయమంతా."

"భయపడకు. మేమంతా లేమూ?" అంటూ ఆవిడ అక్కడే, ఉల్లిపాయల బస్తాల మధ్య, మార్లిస్‌ని కౌగిలించుకుంది.

ఆరో వారం కిడ్నీలు. శనివారం పరీక్ష తప్పింది. మళ్లీ రాయడానికి నాలుగు రోజులు గడువిచ్చారు గానీ, మార్లిస్‌కి ఓపిక చచ్చిపోయింది.

"వదిలేద్దామనుకుంటున్నా ఆర్విల్," అంది గుమ్మంలో నిలబడి. "కిడ్నీలతో నావల్ల కావట్లేదు."

ఆర్విల్ చేతిలోంచి పార జారిపడింది. "అలా అనకు! నీ తపాలా పెట్టె విరగ్గొట్టింది నేనే. మంచు తోసే బండితో. పదకొండేళ్లు బొంకాను. నన్ను ఎన్ని తిట్లయినా తిట్టు, కానీ వదలకు!"

మార్లిస్ పార తీసి అతని చేతికిచ్చింది. తన పాఠం కోసం ఈ మనిషి ఇంత మాట ఒప్పుకున్నాడంటే, ఇక తను ఏ మొహం పెట్టుకుని మానేస్తుంది? మంగళవారం మళ్లీ పరీక్ష రాసింది. పాసయింది.

పదో వారం ముగిసింది. ఆదివారం మూడింటికి చర్చి హాలుకు రమ్మని కబురొచ్చింది. అభినందన సభేమో అనుకుని మార్లిస్ కొత్త పసుప్పచ్చ గౌను వేసుకుని వెళ్లింది. హాల్లో బెర్నడీన్ తప్ప అందరూ నల్లబట్టల్లో ఉన్నారు. బల్లల మీద పూలగుత్తులు, అంత్యక్రియల తర్వాత పెట్టే హ్యామ్ శాండ్‌విచ్‌లు. ముందు వరుసలో ఇద్దరు ఏడుస్తున్నారు.

"నీ నోటితో ఏమైనా చెప్పాలనుందా, మార్లిస్?" అంది పాస్టర్ మెల్లగా.

మార్లిస్ సంచిలోంచి సర్టిఫికెట్ తీసి ఎత్తి చూపించింది. "నూటికి ఎనభై ఎనిమిది! అన్నీ పాసయ్యాను!"

ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

"ఏవి పాసయ్యావు?" అన్నాడు ఆర్విల్.

"పాఠాలు. ఆన్‌లైన్ కోర్సు. పది వారాలు..."

హాలంతా బెర్నడీన్ వైపు తిరిగింది. బెర్నడీన్ కుర్చీలో కిందికి జారింది. మార్లిస్ నల్లబట్టల్ని చూసింది, పూలగుత్తుల్ని చూసింది. మంచు ఎత్తడం, హాట్‌డిష్‌లు, ఒక్కొక్కదాని అర్థం ఆమెకు తలకెక్కింది. ముఖం కందిపోయింది.

"నేను పోతున్నాననా ఇవన్నీ చేశారు?" అంది చివరికి. "నా చదువు కోసం అనుకున్నాను. క్షమించండి. కానీ ఒక్కమాట. మీరు రోజూ గుమ్మంలోకి వచ్చి అడక్కపోయుంటే నేను మూడో వారంలోనే మానేసేదాన్ని. బతికుండగా ఇంత ప్రేమ చూసే భాగ్యం ఎంతమందికుంటుంది? నాకు దక్కింది. మీ రుణం ఎలా తీర్చుకోవాలో..." అంటూ సర్టిఫికెట్ మళ్లీ సంచిలో పెట్టుకుంది.

ఆర్విల్ లేచి ఆమె దగ్గరికి వచ్చాడు. "అంటే ఇంకో ఇరవై ఏళ్లు నా పక్కింట్లోనే ఉంటావన్నమాట?"

"ఉంటాను."

"సరే. కూర్చుని శాండ్‌విచ్ తిను," అని కుర్చీ లాగాడు.

ఆమె బతికే ఉండబోతున్నందుకు ఊరంతా ఎంతో సంతోషించింది. కాకపోతే ఆ సంతోషం ముఖాల్లోకి రావడానికి ఓ పది నిమిషాలు పట్టింది.