పళ్ళు చూసే కంబన్న, బొటనవేళ్ళ వీరుడు

రాయలసీమ భవిష్యత్తు ఇకమీదట నాగలి మీదా నీళ్ళ మీదా కాక, బొటనవేళ్ళ మీద ఆధారపడి ఉంటుందని డిజిటల్ వినోద శాఖ మంత్రిగారు తూముకుంటపల్లె తిరునాళ్ళలో ప్రకటించారు. విన్నవాళ్ళంతా ఎవరి బొటనవేళ్ళు వాళ్ళు చూసుకున్నారు. వాటిలో కొన్ని వేలిముద్ర పడక, పోయిన నెల రేషను కూడా తెచ్చుకోలేకపోయిన వేళ్ళు. అయినా అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లకు వేలిముద్ర అడగరు గదా.

ఆ ప్రకటన ప్రకారం ఈ ఏడు ఎద్దుల బండలాగుడు పోటీ రద్దయింది. దాని బదులు ఫోనాట పోటీ పెట్టారు. మైదానం నడుమ ఉన్న బండను మాత్రం పక్కకు తీయలేకపోయారు. తీయాలంటే ఎద్దులు కావాలి, ఎద్దులేమో రద్దులో ఉన్నాయి. చేసేది లేక ఆ బండ మీదనే మంత్రిగారి కుర్చీ వేసి, చుట్టూ స్టేజి కట్టారు.

ఈ ఏర్పాట్లను మైదానం అంచున నిలబడి కంబన్న చూస్తున్నాడు. ముప్పై ఏళ్ళుగా ఆ చుట్టుపక్కల ఎక్కడ బండలాగుడు జరిగినా వయసు తేల్చడానికి ఎద్దుల పళ్ళు చూసేది కంబన్నే. రెండు పళ్ళ జత, నాలుగు పళ్ళ జత, ఆరు పళ్ళ జత, ఆ పైన సీనియర్స్. ఎద్దు నోరు తెరిచి ఒక్క చూపు చూసి కంబన్న సంతకం పెట్టాడంటే దానిమీద అప్పీలు లేదు. ఒకసారి ఒక పెద్దమనిషి ముసలి ఎద్దుకు పళ్ళు అరగదీయించి తెచ్చి నాలుగు పళ్ళదని బుకాయిస్తే, కంబన్న ఎద్దు నోరు మూసి, పెద్దమనిషిని నోరు తెరవమన్నాడట. ఈ సంగతి అహోబిలం కొండ దాకా చెప్పుకుంటారు. కొండ దాటాక పెద్దమనిషి కరిచాడని కూడా చెబుతారు.

అంతటి కంబన్న ఇప్పుడు చూస్తున్నది స్టేజిని కాదు. స్టేజి వెనకాల, పెద్ద తెర కోసం తెచ్చి నిలబెట్టిన కొత్త ట్రాన్స్‌ఫార్మర్ని.

స్థానిక నాయకుడు బొజ్జన్న అది గమనించాడు. "ఏం కంబన్న మామా, పెండ్లికూతురిని చూసినట్ల చూస్తాండావే?"

"మా చేని ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి పదకొండు దినాలాయె బొజ్జన్నా. మూడెకరాల మిరప పూత మీద ఉండాది. మీ అత్త మద్దమ్మ బిందెతో మోసి పోస్తాండాది. బిందెలతో మూడెకరాలు యాడ తడుస్తాది?"

"దీన్నే నీకిప్పిస్తా. ఆట అయిపోతానే నీ చేన్లో దించుతారు. నువ్వు మాత్రం ఈ పోటీకి జడ్జిగా కూర్చోవల్ల."

"ఫోనాట గురించి నాకేం తెలుసప్పా?"

"మంత్రిగారికి మాత్రం ఏం తెలుసు? కూర్చోలేదా?" అన్నాడు బొజ్జన్న గొంతు తగ్గించి. "నువ్వు సంతకం పెడితే ఈడ ఎవురూ నోరెత్తరు. మాకు అది కావల్ల."

మిరప పూత గుర్తుకొచ్చి కంబన్న తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

పదకొండు గంటలకు ఫోనాట వీరుడు థండర్ ప్రదీప్ వేంచేశాడు. ఈ మహానుభావుడికి నలభై లక్షల మంది అనుచరులు. కూర్చున్న కుర్చీలోంచి లేవకుండా తొమ్మిది వేల మందిని చంపాడు. మన సీమలో పాత పాలెగాళ్ళు ఎంత మొనగాళ్ళయినా ఒకరిని చంపాలంటే కనీసం లేచి నిలబడేవాళ్ళు. ఆయన బొటనవేళ్ళకు పట్టు తొడుగులున్నాయి. ఎండ తగలకుండా వాటికొక గొడుగుంది. గొడుగు వేళ్ళకే కాబట్టి ముఖానికి చెమటలు పడుతున్నాయి. కారు దిగి ఆయన బొటనవేలు పైకెత్తగానే ఇద్దరు డిగ్రీ కుర్రాళ్ళు మూర్ఛపోయారు. వాళ్ళను అక్కడే ఫొటో తీశారు.

పోటీ పంతొమ్మిదేళ్ళ లోపు వాళ్ళకని బ్యానరు మీద రాసి ఉంది. కంబన్న అలవాటు కొద్దీ తువ్వాలుతో చేతులు తుడుచుకుని వీరుడి ఎదుటికి పోయాడు.

"ఏదీ నాయనా, నోరు తెరువు."

వీరుడి మేనేజరు ప్రసన్నకుమారి అడ్డం వచ్చింది. "సార్ నోరు తెరవకూడదండీ. టూత్‌పేస్టు కంపెనీతో అగ్రిమెంటు ఉంది. ఫ్రీగా తెరిస్తే కేసవుతుంది."

అంతలో వీరుడికి ఆవలింత వచ్చింది. ఆవలింతకు అగ్రిమెంటు లేదు. ముప్పై ఏళ్ళ అనుభవానికి ఒక్క ఆవలింత చాలు.

"బొజ్జన్నా, జ్ఞానదంతం వచ్చి, పుచ్చి, సిమెంటు పెట్టించుకుని, ఆ సిమెంటు కూడా అరిగిపోయిండాది. ఇది సీనియర్స్."

"మామా, ఆయప్ప పండ్లతో నీకేం పని? నీ మిరప చూసుకో."

కంబన్న వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు.

ఆట మొదలైంది. ఎదురుగా పన్నెండు మంది ఊరి కుర్రాళ్ళు, ఈవైపు ఒక్క థండర్. తెర మీద థండర్ బొమ్మ గోడలు దూకుతోంది, తుపాకీ పేలుస్తోంది. నడుమ మంత్రిగారు సెల్ఫీ అడిగారు. వీరుడు ఫోను కుర్చీలో పెట్టి, లేచి, మంత్రిగారి భుజం మీద చెయ్యి వేశాడు. తెర మీద బొమ్మ మాత్రం పరుగాపలేదు. సెల్ఫీ పూర్తయ్యేలోగా ఇంకో ముగ్గురిని చంపింది.

కంబన్న నోట్లోంచి మాట దానంతట అదే వచ్చింది. ముందు మైకుందని ఆయనకు గుర్తులేదు.

"ఎద్దు నిలబడిండాది. బండ పోతాండాది. ఇదేం పోటీ అప్పా?"

బొజ్జన్న ముఖం పాలిపోయింది. మంత్రిగారు మాత్రం తొణకలేదు. మైకు అందుకున్నారు.

"విన్నారా పెద్దాయన మాట? చెయ్యి పెట్టకుండానే పని జరిగిపోవాలి. మన ప్రభుత్వ ఆశయం కూడా అదే."

జనం ఈలలు వేశారు. మూర్ఛపోయిన ఇద్దరూ లేచి, ఈలలు వేసి, మళ్ళీ పడుకున్నారు.

ఆట ముగియగానే బొజ్జన్న రెండు కాగితాలు తెచ్చాడు. "ఇది గెలుపు కాగితం. ఈడొకటి, ఈడొకటి పెట్టు మామా."

"రెండోది దేనిది?"

"నీ ట్రాన్స్‌ఫార్మర్‌దే. పెట్టేయ్."

కంబన్న ఒకసారి స్టేజి వెనక్కి చూశాడు. అది అక్కడే ఉంది, కొత్త పెయింటుతో మెరుస్తోంది. కళ్ళద్దాలు జేబులోంచి తీయకుండానే రెండింటి మీదా సంతకం పెట్టాడు.

వెంటనే మంత్రిగారు ఒక బటన్ నొక్కారు. తెర మీద 'కంబన్నగారి చేను' అనే పేరుతో పచ్చటి మిరపతోట వచ్చింది. దాని నిండా నీళ్ళు పారాయి. ఆ నీళ్ళు ఎంత బాగా పారాయంటే, ముందు వరసలో కూర్చున్నవాళ్ళు పంచెలు పైకి ఎత్తుకున్నారు.

మర్నాడు కంబన్న పొద్దున్నే చేని గట్టు మీద కూర్చున్నాడు. మూడోనాడు లారీ వచ్చింది. దానిమీద పూలదండతో ట్రాన్స్‌ఫార్మర్. కంబన్న లేచి తువ్వాలు ఊపాడు. డ్రైవరు కూడా చెయ్యి ఊపి, మలుపు తిరగకుండా నేరుగా పోయాడు. డోన్‌లో ఆదివారం థండర్ ప్రదీప్ పోటీ ఉందట.

కంబన్న అక్కడినుంచే కరెంటాఫీసుకు పోయాడు. ఇంజనీరు బాలసుబ్రహ్మణ్యం చాలా మర్యాదస్తుడు. కుర్చీ వేయించి, కంప్యూటరు ఇటు తిప్పి చూపించాడు.

"మీ ట్రాన్స్‌ఫార్మర్ మొన్నటినుంచి మీ చేన్లోనే నడుస్తోంది పెద్దాయనా. చూడండి, పచ్చ రంగు."

"నా చేన్లో వట్టి స్తంభాలుండాయి సార్. అది ఇప్పుడే డోన్‌కు పాయె, నా కండ్లతో చూసినా."

"కండ్లతో చూసింది ఇందులో ఎక్కదండీ. సంతకం ఎక్కుతుంది." ఇంజనీరు కాగితం తీసి చదివాడు. "'స్వయంగా పరిశీలించితిని. నీళ్ళు సమృద్ధిగా పారుచున్నవి. కంబన్న.' మీరే గదా పెట్టింది? నడుస్తున్న ట్రాన్స్‌ఫార్మర్ ఉండగా ఇంకోటి ఇస్తే నా ఉద్యోగం పోతుంది. పైగా మీ సంతకం మీద అప్పీలు లేదని మా నాయన కూడా చెప్పేవాడు."

కంబన్న ఇల్లు చేరేసరికి మద్దమ్మ అప్పుడే చేని నుంచి వచ్చి ఖాళీ బిందె దించుతోంది. ఆమె కొంగు నిండా రాలిన మిరప పూత ఉంది.

"వచ్చిందా?" అంది.

"వచ్చిండాదంట."

"ఎవురు చూసినారంట?"

"నేనే చూసినానంట. సంతకం పెట్టిండా."

మద్దమ్మ కొంగులోని పూతను గడపలో కుమ్మరించింది. అదే కొంగుతో చేతులు రెండూ శుభ్రంగా తుడుచుకుని, వచ్చి ఆయన ఎదుట నిలబడింది.

"ఏదీ," అంది, "నోరు తెరువు."

కంబన్న తెరిచాడు.