పదకొండు కర్రలు, ఒక సరళరేఖ

ఆ శనివారం పొద్దున టీచరమ్మ పెట్టుకున్న పనులు మూడే. ఏడున్నర బస్సుకు టౌనుకెళ్లి ఫారాలు జిరాక్సు తీయించడం, మధ్యాహ్నానికల్లా తిరిగి రావడం, సాయంత్రం నాలుగింటికి వచ్చే ఆఫీసరమ్మకు ఒడ్డు చూపించడం. నాలుగో పని ఒకటి మొగుడికి అప్పజెప్పింది. కొంప మునిగింది అక్కడే.

రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక ఆమె సొసైటీ వారి పాత వలల గదికి 'తీర విజ్ఞాన కేంద్రం' అని బోర్డు తగిలించింది. లోపల రెండు బల్లలు, ఒక గాజు బీరువా. బీరువాలో గవ్వలు, ఒక తాబేటి డిప్ప, అలలతో కొట్టుకొచ్చిన తొంభై నాలుగు ఎడమకాలి చెప్పులు. కుడికాలివి ఎటు పోతాయో ఆ సముద్రానికే తెలియాలి. సముద్రపు తాబేళ్లు ఒడ్డెక్కి ఇసుకలో గుడ్లు పెట్టిన చోటల్లా ఒక వెదురు కర్ర పాతడం, పడవలు దాని మీదుగా ఈడ్వకుండా కాపలా కాయడం కేంద్రం వారి ముఖ్యమైన పని. వాలంటీర్లు కావాలని ఊరంతా కాగితాలు అంటించింది. వచ్చింది టైలరు, పోస్టమ్మ. తనతో కలిపి ముగ్గురు.

కేంద్రానికి పాతికమంది వాలంటీర్లు ఉండాలని ఆఫీసరమ్మ ఫారంలో ఉంది. పాతికమందిని కళ్లారా చూసి ఆమె రాస్తేనే గది కేంద్రానికి ఉంటుంది. లేకపోతే ఆ సాయంత్రమే తాళంచెవి సొసైటీ ప్రెసిడెంటు చేతిలో పెట్టాలి. ఐసు పెట్టెలు పెట్టుకోవడానికి గది కావాలని పైకి ఉత్తరం రాసినవాడు ఆయనే. టీచరమ్మకు స్వయానా అన్న.

"ఎక్కడినుంచి తెస్తావే పాతికమందిని? తాబేళ్లని కూడా లెక్కేస్తావా?" అని అంతకు ముందురోజే నవ్విపోయాడు.

"నీలాంటివాళ్లకంటే అవే నయం. చెప్తే వింటాయి" అని ఆమె అప్పటికి తిప్పికొట్టింది గానీ, లోపల మాత్రం దిగులుగానే ఉంది.

బస్సెక్కే ముందు మొగుడితో అంది: "ఏమండీ, ఓసారి ఒడ్డుకెళ్లి కర్రలు పదకొండూ ఉన్నాయో లేదో చూసి రండి. చూస్తే చాలు."

"చూడ్డం కూడా నేర్పుతావుటే నాకు?" అన్నాడాయన.

ఆయన ముప్ఫయ్యారేళ్లు సర్వేయరుగా చేసి దిగినవాడు. వంకర అన్నది చూస్తే ఆయనకు ఒంటిమీద తేళ్లూ జెర్రులూ పాకినట్టుంటుంది. మంచం గోడకు సమాంతరంగా లేకపోతే నిద్రపట్టదు. గుమ్మంలో చీమల బారు వంకరపోతే స్కేలు అడ్డం పెట్టి దారి చూపించాడని, ఆ చీమలు అప్పట్నుంచి ఆ ఇంట్లో తలవంచుకుని తిన్నగానే నడుస్తున్నాయని ఇరుగుపొరుగు చెప్పుకునేవారు.

అలాంటి మనిషి ఒడ్డుకెళ్లి ఆ పదకొండు కర్రలను చూశాడు. ఒకటి ఇటు, ఒకటి అటు, రెండు పక్కపక్కన, ఒకటి ఎక్కడో తప్పిపోయినట్టు. కర్రలెందుకు పాతారో భార్య ఆయనకు నలభైసార్లు చెప్పింది. నలభైసార్లూ ఆయన పేపరు చదువుతూ ఊఁ కొట్టాడు. కాబట్టి అవి తాబేళ్ల స్థలానికి వేసిన హద్దులనే ఆయన నిశ్చయం. సాయంత్రం ఆఫీసరు రాబోతుంటే హద్దులు ఇలాగా? ఇంటికెళ్లి అటక మీది కొలత గొలుసు దించాడు.

పది గంటలకల్లా పదకొండు కర్రలూ పీకి, అంగుళం తేడా లేకుండా ఒకే వరసలో పాతించాడు. వరసకు నాలుగు పడవలు అడ్డొచ్చాయి. వాటిని దుంగల మీద నీటి అంచుకు దొర్లించాడు. బార్బరు కుర్చీ అడ్డొచ్చింది. దాన్ని రోడ్డు పక్కకు మార్పించాడు. చేపలమ్మ ఎండు చేపలు ఆరబోసుకున్న పట్టా అడ్డొచ్చింది.

"ఏంటన్నయ్యగారూ ఈ గోల? చేపలు ఎక్కడైనా ఎండుతాయి గానీ, నా నడుం ఎక్కడ వంగితే అక్కడే పట్టేస్తది" అంది ఆమె.

"ఇది గవర్నమెంటు పనమ్మా" అన్నాడాయన. ఆమె విసుక్కుంటూనే పట్టా లాక్కుపోయింది.

టీచరమ్మ బస్సు దిగేసరికి ఆయన స్టాపులోనే ఎదురుచూస్తున్నాడు. "రా, రా. ఒకటి చూపిస్తా" అని చేయిపట్టుకుని ఒడ్డుకు తీసుకెళ్లాడు. ఆమె చూసింది. చూసి, జిరాక్సు కాగితాలతో సహా ఇసుకలో కూలబడింది.

"ఎలా ఉంది?"

"ఏమండీ... ఆ కర్రల కిందే కదండీ గుడ్లున్నది!"

"అదేంటి, మరి నాకు చెప్పొద్దూ?"

ఆమె చూసిన చూపుకు ఆయన గొలుసు వెనక్కి దాచుకున్నాడు.

"పాత గుంటలు కనిపించవూ?" అని గొణిగాడు.

"కర్ర పీకిన ప్రతిచోటా ఇసుక నింపి, కాలితో తొక్కి చదును చేసినట్టున్నారు."

"పని శుభ్రంగా ఉండాలి కదా అని..."

తొమ్మిదో గూటికి రోజులు నిండాయి. ఆ పూటో మర్నాడో పిల్లలు బయటికొస్తాయి. సాయంత్రం వేటకెళ్లేవాళ్లు పడవలు లాగితే ఎక్కడ లాగుతారో! పాతికమంది మాట దేవుడెరుగు, ఆఫీసరమ్మకు చూపించడానికి ఒక్క గూడు కూడా లేదు. టీచరమ్మ కళ్లు తుడుచుకుని కేంద్రానికి పరిగెత్తి రిజిస్టరు తెచ్చింది. ప్రతి గూడూ ఎక్కడుందో అందులో రాసి ఉంది. సర్వేయరుకు ప్రాణం లేచొచ్చింది. లాక్కుని చదివాడు.

ఒకటో గూడు: ఎర్ర పడవ ముక్కుకు ఏడడుగులు దక్షిణం. నాలుగో గూడు: బార్బరు కుర్చీకి పన్నెండడుగులు సముద్రం వైపు. ఆరో గూడు: చేపలమ్మ పట్టా చివరికి ఐదడుగులు. తొమ్మిదో గూడు: అన్నయ్య నిలబడి 'ఈ గది నీకు రాసివ్వలేదు' అని అరిచిన చోటికి నాలుగడుగులు తూర్పు. పది, పదకొండు: తొమ్మిదికి అటూ ఇటూ ఎనిమిదేసి అడుగులు.

"ఇదేం రిజిస్టరే! కొలతకి ఆధారం కదలనిదై ఉండాలి. రాయో, గోడో!"

"ఇరవయ్యేళ్లుగా ఆ కుర్చీ కదల్లేదు, ఆ పట్టా కదల్లేదు. మీరొచ్చి కదిపారు!"

ఉన్న దారి ఒక్కటే. ఊరిని మళ్లీ ఎక్కడిదక్కడ పెట్టాలి.

ముందు పడవలు. దుంగల మీద దొర్లిస్తే కింద ఏ గూడుందో తెలియదు గనక ఎత్తుకునే తీసుకురావాలి. పడవకు పదిమంది. టైలరు మిషను ఆపి వీధుల వెంట కేక వేసుకుంటూ పోయాడు. 'సర్వేయరుగారు గుడ్లు పోగొట్టారట' అన్న మాట విని సగంమంది సాయానికి వచ్చారు, సగంమంది నవ్వడానికి వచ్చారు. నవ్వడానికి వచ్చినవాళ్ల భుజాల మీదకే పడవలు ముందు ఎక్కాయి. నలభైమంది, నాలుగు పడవలు, మునివేళ్ల మీద నడక. ఆ నడక చూసి ఒడ్డున కొంగలు సిగ్గుపడి ఎగిరిపోయాయి.

"దించండి! మెల్లిగా! ఇంక ఎవరూ అడుగు తీసి అడుగు వేయొద్దు. నేను కర్రలు పాతేదాకా ఉన్నవాళ్లు ఉన్నచోటే!" అని టీచరమ్మ బడిలో అరిచినట్టు అరిచింది. అందులో ముప్ఫైమంది ఆమె దగ్గర చదువుకున్నవాళ్లే. బిగుసుకుపోయారు.

బార్బరు కుర్చీతో సహా వచ్చాడు. కుర్చీలో సగం గడ్డం గీయించుకున్న మాస్టారు కూడా ఉన్నాడు.

"ఆయన్నెందుకు తెచ్చావయ్యా?"

"సబ్బు ఆరిపోద్దండీ టీచరమ్మా. కుర్చీ ఎక్కడుంటే ఆయన అక్కడ."

చేపలమ్మ పట్టా పరిచింది. ఏడు గూళ్లు దొరికాయి, ఎనిమిది దొరికాయి. మిగిలిన మూడింటికీ ఆధారం ఒక్కడే. ప్రెసిడెంటు.

బావగారిని పిలుచుకురావడానికి సర్వేయరే వెళ్లాడు. "బావా, నువ్వు రాకపోతే మూడు గూళ్లు గల్లంతు" అన్నాడు.

"నాకేం పని? సాయంత్రానికి గది నాది."

"రిజిస్టర్లో నీ గురించి రాసుంది."

"నా గురించా? గవర్నమెంటు రిజిస్టర్లోనా?" ప్రెసిడెంటు చొక్కా మార్చుకుని మరీ వచ్చాడు.

రాసిందేమిటో చదివి వినిపించాక మొహం మాడ్చుకున్నాడు గానీ, నలభైమంది కదలకుండా తనవైపే చూస్తున్నారు. అలాంటి సభ ఆయనకు ఎప్పుడూ దొరకలేదు. గొంతు సవరించుకుని వెళ్లి ఒకచోట నిలబడ్డాడు.

"అక్కడ కాదన్నయ్యా. ఇంకా ఇటు."

"నిలబడింది నేనా నువ్వా? ఇక్కడే. ఇంకా పడమరకే ఉన్నానేమో కూడా."

"అంత దూరంనుంచి అరిస్తే తుంపర నా మొహం మీద ఎలా పడింది?"

"బావ గొంతు అలాంటిదిలే" అన్నాడు సర్వేయరు. జనం నవ్వారు. ప్రెసిడెంటుకు అహం దెబ్బతింది. అయినా చెల్లెలి మాటకు నాలుగడుగులు తూర్పుకు జరిగి నిలబడ్డాడు. సర్వేయరు అక్కడినుంచి గొలుసు లాగి తొమ్మిది, పది, పదకొండు కర్రలు పాతాడు.

"నువ్వు కదిలావంటే మూడు గూళ్లూ పోయినట్టే. ఓసారి సరిచూసుకునేదాకా అలాగే ఉండు బావా" అన్నాడు.

ఆ మాటతో ప్రెసిడెంటు మారిపోయాడు. ఊళ్లో ఆయన మీద ఏదైనా ఆధారపడటం అదే మొదటిసారి. "ఒరేయ్, ఎర్ర పడవ దగ్గరోడా, కాలు దించకు! చేపలమ్మా, పట్టా ముడత! బార్బరూ, నీ మాస్టారు ఊగుతున్నాడు!" అని ఉన్నచోటినుంచే ఒడ్డంతా అదుపులో పెట్టాడు.

సరిగ్గా అప్పుడు జీపు వచ్చింది. మబ్బు పట్టి ఎండ చల్లబడింది. ఆఫీసరమ్మ దిగి చూస్తే ఒడ్డు పొడవునా నలభై పైచిలుకు మనుషులు బొమ్మల్లా నిలబడి ఉన్నారు. ఆమె ఇసుకలో అడుగుపెట్టబోయింది.

"కదలొద్దు!" అని ఊరంతా ఒక్క గొంతుతో అరిచింది. ఆమె ఒక కాలు గాల్లోనే ఉంచి ఆగిపోయింది.

"వాలంటీర్లు... వీళ్లేనా?" అంది, ఒంటికాలి మీదే.

టీచరమ్మ తలవంచుకుంది. "అబద్ధం చెప్పలేనమ్మా. నాకున్నది ముగ్గురే. వీళ్లంతా మావారు చేసిన తప్పుకి..."

"ముగ్గురేంటి ముగ్గురు?" అని ప్రెసిడెంటు ఉరిమాడు. "పొద్దుట్నుంచి ఇంతమందిని నేను నిలబెడుతుంటే ముగ్గురంటావా? లెక్కపెట్టుకోండమ్మా. కళ్లముందే ఉన్నారు!"

ఆయన అక్కడికొచ్చి అరగంట కూడా కాలేదు. అయినా ఎవరూ ఆ మాట అనలేదు. కదలకూడదు కదా.

ఆఫీసరమ్మ లెక్కపెట్టింది. నలభై ఆరు. "మాస్టారితో కలిపా?" అని అడిగింది. "కలిపే రాయండి" అన్నాడు మాస్టారు, సబ్బు మధ్యనుంచి. తర్వాత ఆమె సంచిలోంచి ఇంకో కాగితం తీసింది. "ఈ గది కేంద్రానికి ఇవ్వొద్దని సొసైటీ ప్రెసిడెంటు రాసిన ఉత్తరం ఇది. ఆయన ఎవరు?"

ప్రెసిడెంటు నోరు తెరిచాడు. తెరిచిన నోరు అలాగే ఉంచి కిందికి చూశాడు. ఆయన రెండు కాళ్ల మధ్య ఇసుక కదులుతోంది. ముందు ఒక చిన్న తల, తర్వాత రెండు రెక్కల్లాంటి కాళ్లు. దాని వెనక ఇంకోటి, ఇంకో నాలుగు, ఇంకో పది.

"ఎవరూ... కదలొద్దు" అన్నాడు. ఈసారి గొంతు పైకి రాలేదు.

తాబేటి పిల్లలు ఆయన బొటనవేలు ఎక్కి దిగి సముద్రం వైపు బయల్దేరాయి. సర్వేయరు తొమ్మిదో కర్ర వైపు చూశాడు. అది నాలుగడుగుల అవతల, ఉత్త ఇసుకలో తిన్నగా నిలబడి ఉంది.

"నేను చెప్పానా? ఇంకా పడమరకే నిలబడ్డానని చెప్పానా లేదా?" అని ప్రెసిడెంటు చెల్లెలితో గుసగుసలాడాడు. ఆయన కళ్లు మాత్రం తడిగా ఉన్నాయి. "ఉత్తరం రాసింది నేనేనమ్మా. ఇంత పనుందని అప్పుడు తెలీదు. ఆ ఫారం ఇలా ఇవ్వండి."

ఫారం చేతులు మారుతూ బయల్దేరింది. ఎర్ర పడవ దగ్గరివాడు, చేపలమ్మ, బార్బరు, ఒక్కరూ కాలు కదపకుండా నడుములు వంచి అందించారు. ప్రెసిడెంటు దాన్ని తొడమీద పెట్టుకుని 'అభ్యంతరం లేదు' అని రాసి సంతకం చేశాడు. మాస్టారి గడ్డపు సబ్బు కాస్త అంటుకుని ఫారం వచ్చినదారినే తిరిగి వెళ్లింది. ఆఫీసరమ్మ కూడా సంతకం చేసి, అప్పటికి గానీ రెండో కాలు కింద పెట్టలేదు.

టీచరమ్మ తాళంచెవిని కొంగున ముడేసుకుంది. సర్వేయరు తొమ్మిది, పది, పదకొండు కర్రలు పీకి, నాలుగేసి అడుగులు పడమరకు జరిపి పాతాడు. ముందు భార్య వంక చూసి, ఆమె తలూపాకే పాతాడు.

ఆఖరి పిల్ల నీళ్లలోకి దిగేసరికి మసకచీకటి పడింది. జీపు వెళ్లిపోయింది, పడవలు వేటకు వెళ్లాయి, మాస్టారికి రెండో చెంప కూడా పూర్తయింది. ప్రెసిడెంటు మాత్రం నడుం మీద చేతులు పెట్టుకుని, ఉన్నచోటే ఉండి, సముద్రం వైపు గంభీరంగా చూస్తున్నాడు.

ఇక కదలవచ్చునని ఆయనతో చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది.