ఒకటి ఎక్కువైంది

"మా ఊరి చలి ఇంతవరకూ ఏ అతిథికీ అన్యాయం చేయలేదండీ. మీరు రావడమే ఆలస్యం, మైనస్ నలభై గుమ్మంలో నిలబడి ఉంటుంది" అని ఊల అక్టోబరులో ఫోన్‌లో మాటిచ్చాడు. ఆ మాట నమ్ముకుని ఫిబ్రవరిలో పోర్చుగల్ నుంచి దువార్తే, బెనెదీతా దంపతులు దిగేసరికి గుమ్మంలో నిలబడి ఉన్నవి చూరు నుంచి కారిన నీళ్ళు.

హిల్కా అత్త నడిపే అతిథిగృహంలో ఊలే అన్నీ. అతిథుల్ని మంచు మీద తిప్పడం, రెయిన్‌డీర్ బండి ఎక్కించడం, గడ్డకట్టిన సరస్సుకి కన్నం వేసి చేపలు పట్టించడం, చేప పడకపోతే నిన్న ఇక్కడే మనిషంత చేప పడిందని చెప్పడం అతని ఉద్యోగం. ఆ శుక్రవారం పొద్దున అతని పథకం చాలా చిన్నది. పళ్ళ డాక్టరు దగ్గరికని అత్త బస్సెక్కి పట్నం వెళ్ళింది. అతిథులకి కాఫీ ఇచ్చేసి, మిగతా రోజంతా బిషప్‌తో గడపాలి.

బిషప్ అతని రెయిన్‌డీర్. మెల్లగా, తల పైకెత్తి, అందర్నీ క్షమిస్తున్నట్టు నడుస్తుంది కాబట్టి ఆ పేరు పెట్టారు. పరుగెత్తితే మాత్రం క్షమించదు. మర్నాడే సరస్సు మీద రెయిన్‌డీర్ పందెం. ముందు జంతువు, వెనక తాడు పట్టుకుని స్కీల మీద మనిషి. ఆ పందెం కప్పు కొన్నేళ్ళుగా పక్క ఊరి ఎల్యాస్ దగ్గరే ఉండిపోయింది. దాన్ని అతను అద్దాల బీరువాలో పెట్టుకున్నా ఊలకి అంత మండేది కాదు. ఎల్యాస్ దాన్ని ఆవిరిగదిలో వేడిరాళ్ళ మీద నీళ్ళు పోసే చెంబులా వాడుతున్నాడు. ఆ కప్పుని ఆ అవమానం నుంచి విడిపించడానికి ఊల మూడు చలికాలాలుగా బిషప్ వెనక సరస్సంతా పడుతూ లేస్తూ తిరిగాడు.

కాఫీ తాగి బెనెదీతా బయటికొచ్చింది. హిల్కా అత్త బోర్డు ముందు ఆగిపోయింది.

ఆ బోర్డు ఒకప్పుడు చర్చిలో ఉండేది. ఆ పూట పాడబోయే కీర్తన నంబరు అందులో పెట్టేవారు. చర్చివాళ్ళు కొత్తది చేయించుకున్నాక అత్త పాతదాన్ని తెచ్చి ఇంటి ముందు పాతించింది. రోజూ పొద్దున్నే పెరట్లో థర్మామీటర్ చూసి, అంకెలున్న చెక్కముక్కలు ఆ బోర్డు గాడిలో దోపుతుంది. మైనస్ గుర్తు మాత్రం రంగుతో వేసేసి ఉంటుంది. ఎండాకాలం బోర్డు అటక మీద ఉంటుంది. ఊళ్ళో ప్రతి కిటికీకీ ఒక థర్మామీటర్ ఉన్నా, హిల్కా జన్మలో అబద్ధం ఆడలేదు కాబట్టి ఆమె బోర్డు చెప్పిందే చలి. ఫోన్లలో కూడా చలి వస్తుంది గానీ అది ఎల్యాస్ వాళ్ళ ఊరిది. పరాయి ఊరి చలికి కోటు వేసుకునేంతగా ఇక్కడ ఎవరూ దిగజారలేదు.

ఆ పొద్దున బోర్డు మీద మైనస్ 4 ఉంది.

"ఇదేమిటి బాబూ, నాలుగేనా?" అంది బెనెదీతా.

"పొద్దున్నే కదండీ. చలి ఇంకా నిద్ర లేవలేదు."

"అది లేచేదాకా నేనాగలేను. మా ఎదురింటి ఇర్మా నార్వే వెళ్ళి మైనస్ 37 బోర్డు పక్కన ఫోటో దిగొచ్చింది. హాల్లో పెళ్ళి ఫోటో తీసేసి ఆ మేకుకే దాన్ని తగిలించింది. వాళ్ళింటికి కాఫీకి వెళ్ళినప్పుడల్లా ఆ ముప్ఫై ఏడు నా ఎదురుగా కూర్చుంటుంది. నేను నాలుగుతో ఇంటికెళ్ళను."

"నాలుగు కూడా చలేనే" అని గొణిగాడు దువార్తే.

"మీరు ఊరుకోండి."

ఊల బోర్డుని చూశాడు. నాలుగు పక్కన గాడి ఖాళీగా ఉంది. బోర్డు కింద పెట్టెలో అంకెల చెక్కలున్నాయి. అతనికి అబద్ధం ఆడాలని లేదు. ఉన్న నిజం పక్కన ఒక ఒకటి పెడితే చాలు. ఐదు నిమిషాల పని, ఫోటో అయ్యాక తీసేయొచ్చు. గాడి వదులుగా ఉండి చెక్క జారిపోతుంటే వెనకాల తడి మంచు కుక్కాడు. బోర్డు మైనస్ 41 అంది.

బెనెదీతా ఆనందంతో అతని రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టి, మొగుడి వైపు తిరిగింది. "కోటు తీసేయండి. ఇర్మా మొగుడు కోటులో ఉన్నాడు."

దువార్తే కోటు తీశాడు. ఆమెకి అది చాల్లేదు. పక్క కొట్టుకి పంపి ఐస్‌క్రీమ్ తెప్పించింది. పొట్టిచేతుల చొక్కాతో, చేతిలో ఐస్‌క్రీమ్‌తో, మైనస్ 41 పక్కన దువార్తే నవ్వుతూ నిలబడ్డాడు. ఫోటో క్షణాల్లో ఇర్మాకి చేరిపోయింది. ఎదురింటి కిటికీలోంచి తౌనో తాతకి కూడా చేరింది.

తౌనో తాత పందెం కమిటీకి పెద్ద. రోజూ బైనాక్యులర్లతో బోర్డు చదివాకే మంచం దిగుతాడు. కిటికీ రెక్క తీసి అరిచాడు. "ఒరేయ్ ఊలా! నలభై ఒకటా?"

తరవాత వచ్చి చెప్తానన్నట్టు ఊల చెయ్యి ఊపాడు. అవునన్నట్టు తాతకి అర్థమైంది. ఆయన కిటికీ మూసి, మోకాళ్ళు పట్టుకుని, ఊళ్ళో అందరికీ ఫోన్లు చేశాడు.

ఆ తర్వాత ఊరు బిగుసుకుపోయింది. కొట్లో ఉన్ని మేజోళ్ళు అయిపోయాయి, ఆఖరి జత కోసం ఇద్దరు వియ్యంకులు మాటలు మానుకున్నారు. తమ కిటికీ థర్మామీటర్లో నాలుగే చూసినవాళ్ళు దాన్ని వేలితో తట్టి, చెడిపోయిందని చెత్తబుట్టలో వేశారు. హిల్కా ఇంటి ముందు ఒక విదేశీయుడు చొక్కాతో నిలబడి ఐస్‌క్రీమ్ తింటున్నాడని తెలిసి జనం దుప్పట్లు కప్పుకుని చూడ్డానికొచ్చారు. దువార్తే వాళ్ళకోసం రెండోది కూడా తిన్నాడు.

ఇదేమీ తెలియకుండా, ఆ ఒకటిని తీసేయాలన్న సంగతే మరిచిపోయి బిషప్‌కి మేత పెడుతున్న ఊలకి ఎల్యాస్ ఫోన్ చేశాడు.

"ఏరా ఊలా, ఓడిపోతావని చలి చేత సెలవు చీటీ రాయించావా?"

"ఏం కూస్తున్నావ్?"

"పందెం రద్దటగా. మైనస్ 35 దాటితే జంతువుల్ని పరిగెత్తించకూడదుగా మరి. సరస్సు ఒడ్డున మీ తౌనో తాత కాగితం అంటించాడు, పోయి చదువుకో. పాపం ఆ కప్పు, ఇంకో ఏడాది నా దగ్గర నీళ్ళు పోయాలి."

ఊల మేత అక్కడే పారేసి, తాతతో నిజం చెప్పేద్దామని బయల్దేరాడు. నాలుగడుగులు వేసేసరికి అత్త ఫోన్. పంటికి ఇచ్చిన మత్తువల్ల సగం మూతితో మాట్లాడుతోంది.

"ఊలా, నాన్నా! తౌనో చెప్పాడు. పొద్దున నేను నాలుగు పెట్టి వచ్చాను కదా, నలభై ఒకటేమిటని కంగారు పడ్డాను. చలి ముదిరితే నువ్వే చూసి మార్చావన్నమాట! నీకు బుద్ధి తెలిశాక, ఎవరూ చెప్పకుండా నువ్వు చేసిన మొదటి పని ఇదిరా. ఇక్కడ డాక్టరుతో సహా అందరికీ చెప్పాను."

"అత్తా, అదీ..."

"ఇంకేం మాట్లాడకు, నాకు ఏడుపొస్తోంది. సగం మొహంతో ఏడవలేను."

ఫోన్ పెట్టేసింది. ఊల కాళ్ళు వాటంతటవే తాత ఇంటివైపు నుంచి బోర్డువైపు తిరిగాయి. ఆ ఒకటిని చప్పుడు చేయకుండా తీసేస్తే చలి దానంతటదే తగ్గినట్టుంటుంది. పందెం ఉంటుంది, అత్త ఆనందమూ ఉంటుంది. ఇంతలో ఎవరి కొంపా మునగదు.

కానీ వెనకాల కుక్కిన తడి మంచు గడ్డకట్టి ఒకటిని సిమెంటులా పట్టేసింది. ఊల చాకు దూర్చి పెకలించాడు. ఊడింది నాలుగు. అది ఎగిరి మంచులో పడి మాయమైంది. బోర్డు మీద మైనస్ 1 మిగిలింది.

కిటికీ రెక్క తెరుచుకుంది. "ఒకటా?" అన్నాడు తౌనో తాత. "ఒక్క పూటలో చలి నలభై డిగ్రీలు తగ్గిపోయిందా? సరస్సు గడ్డ అప్పడంలా విరుగుతుంది! దాని మీద పందెమేంటి?"

ఆయన చొక్కా చేతులు మడుచుకుంటూ వెళ్ళి, ఒడ్డున కాగితం మీద 'చలివల్ల' కొట్టేసి 'వేడివల్ల' అని రాశాడు. 'రద్దు' మాత్రం ముట్టుకోలేదు. మేజోళ్ళు కొన్నవాళ్ళు కొట్టు ముందు వరసకట్టి, తొడుక్కోలేదని ప్రమాణాలు చేస్తూ తిరిగిచ్చేస్తున్నారు.

ఊల మోచేతుల దాకా మంచు తవ్వి నాలుగుని పట్టుకున్నాడు. అది ఇంతకుముందున్న ఎడమ వైపు గాడి చాకు దెబ్బకి చిట్లిపోయింది. కీర్తనలు మూడంకెల దాకా ఉంటాయి కాబట్టి ఒకటికి కుడివైపున ఇంకో ఖాళీ ఉంది. నాలుగుని అందులో దోపి వెనక్కి జరిగి చూశాడు. మైనస్ 14. పందేనికి అంతకన్నా మంచి చలి దేవుణ్ణి అడిగినా దొరకదు. తనంత తెలివైనవాడు ఉత్తర ధ్రువం దాకా ఇంకొకడు లేడని అతనికి ఆ క్షణాన గట్టిగా అనిపించింది.

తౌనో తాత ఈసారి అరవలేదు. బైనాక్యులర్లు కింద పెట్టి, కాసేపు గోడకేసి చూసి, రేడియో వాళ్ళకి ఫోన్ చేశాడు.

రేడియో కారు వచ్చింది. అందులోంచి మైకు పట్టుకుని మారెత్ అనే అమ్మాయి దిగింది. ఆ వెనకే, దారిలో బస్టాపు దగ్గర ఎక్కించుకున్న హిల్కా అత్త దిగింది. ఊరంతా బోర్డు చుట్టూ మూగింది. సగంమంది బొచ్చుకోటుల్లో, సగంమంది బనీన్లలో ఉన్నారు.

"నలభై ఒకటిలో నా మోకాళ్ళు పట్టేశాయమ్మా" అని తౌనో తాత మైకులో చెప్పాడు. "ఒకటిలో వీపు చెమట పట్టింది. పద్నాలుగులో ఆకలేసింది. ఇదంతా ఒక్కరోజులో!"

మారెత్ దువార్తే వైపు తిరిగింది. "అంత చలిని చొక్కాతో ఎలా తట్టుకున్నారండీ?"

"మనసు గట్టిగా ఉంటే చలి ఏం చేస్తుందండీ" అన్నాడు దువార్తే. అప్పటికి అతనికి తన మీద తనకి నమ్మకం కుదిరిపోయింది.

హిల్కా అత్త పనిచేసే సగం మూతితో నవ్వుతూ ఊలని ముందుకి తోసింది. "ఎప్పటికప్పుడు చూసి అంకెలు మార్చింది మా వాడే. వాణ్ణడగండి."

"ముందు నా మాట రాసుకో అమ్మాయ్" అని తాత అడ్డొచ్చాడు. "ఇలాంటి పిచ్చి చలిలో ఈ ఏడు పందెం లేదు. వచ్చే ఏడు సంగతి కూడా ఆలోచించాలి."

మైకు ఊల మూతి దగ్గరికొచ్చింది. ఊల అత్త మొహం చూశాడు. కంచె అవతలినుంచి బిషప్ తల పైకెత్తి, ముందుగానే క్షమించినట్టు అతన్నే చూస్తోంది. ఎల్యాస్ ఆవిరిగదిలో నీళ్ళు పోస్తున్న కప్పు కళ్ళముందు మెదిలింది.

"చెప్పండి, ఇవాళ చలికి ఏమైంది?" అంది మారెత్.

"చలికి ఏమీ కాలేదండీ" అన్నాడు ఊల. "నాకే అయింది."

మొత్తం చెప్పేశాడు. ఒకటి, తడి మంచు, చాకు, నాలుగు, ఏదీ దాచలేదు. హిల్కా అత్త పెరట్లోకి వెళ్ళి, థర్మామీటర్ చూసి తిరిగొచ్చింది.

"నాలుగు" అంది. పొద్దున్నించీ అదే నాలుగు.

"మరి నా మోకాళ్ళు?" అన్నాడు తౌనో తాత.

"మీ మోకాళ్ళ సంగతి నాకు తెలీదు తాతా. నేను బోర్డొక్కటే ముట్టుకున్నాను."

బెనెదీతా మారెత్ మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగింది. "మీ రేడియో పోర్చుగల్‌లో వస్తుందా?"

"రాదండీ."

"అయితే అబ్బాయిని ఏమీ అనకండి, మంచివాడు."

దువార్తే మాత్రం చొక్కాచేతుల కింద తన చేతుల్ని ఒకసారి చూసుకున్నాడు. అతనికి ఒక్కసారిగా చలి వేసింది.

తాత తీర్పు చెప్పాడు. పందెం ఉంది, ఎందుకంటే నాలుగు మంచి చలే. ఊల లేడు, ఎందుకంటే బోర్డుని మోసం చేసినవాడు అదే బోర్డు చెప్పిన చలిలో పరిగెత్తకూడదు.

"మరి బిషప్?" అన్నాడు ఊల.

"అది అబద్ధం ఆడలేదుగా" అంది హిల్కా అత్త. "దాన్ని నేను తోలతాను. నా స్కీలు అటక మీద ఉన్నాయి, దింపు."

మర్నాడు సరస్సు మీద అత్త తాడు పట్టుకుంది. మత్తు పూర్తిగా దిగి మూతి మొత్తం పనిచేస్తోంది. జెండా ఊపగానే ఆమె ఊలని తిట్టడం మొదలుపెట్టింది. వాడు చిన్నప్పుడు పగలగొట్టిన పింగాణీ గిన్నె దగ్గర్నించి వరసగా వచ్చింది. ఆ గొంతుకి అందనంత దూరం పారిపోవాలని బిషప్ ప్రాణం పెట్టి పరిగెత్తింది. ఎంత పరిగెత్తినా ఆమె తాడు చివరే ఉంది. గమ్యం దాటేసరికి తిట్లు ఇంకా నిరుటి చలికాలం దాకా రాలేదు. ఎల్యాస్ చాలా వెనక, ఆ తిట్లలో కొన్నిటిని వింటూ వచ్చాడు.

కప్పు ఇంటికొచ్చింది. అత్త దాన్ని సబ్బు పెట్టి తోమి, తమ ఆవిరిగదిలో నీళ్ళు పోసుకోవడానికి పెట్టుకుంది. చలికాలం అయ్యేదాకా రోజూ పొద్దున్నే అంకెలు పెట్టే శిక్ష ఊలకి పడింది. రోజూ ఒళ్ళు దగ్గర పెట్టుకుని, థర్మామీటర్‌ని రెండుసార్లు చూసి మరీ పెట్టాడు.

మార్చి మొదట్లో ఒక పొద్దున థర్మామీటర్ నిజంగానే మైనస్ 41 దగ్గర ఆగింది. ఊల కళ్ళు నులుముకుని చూసి, నాలుగూ ఒకటీ దోపాడు. ఎదురింట్లో తౌనో తాత బైనాక్యులర్లతో దాన్ని చదివి, ముసిముసిగా నవ్వుకుని, మనసులో ఆ ఒకటి తీసేసి, ఇంట్లో తిరిగే చెప్పులతో బయటికొచ్చాడు.