నుదుటి మీద పచ్చ దీపం

ఆ రోజు పొద్దున్న రత్నాంబ వేసుకున్న పథకం చాలా చిన్నది. కొట్టు తలుపులు తీసేలోపు ముందు గదిలో భర్తను కుర్చీలో కూర్చోబెట్టాలి, నుదుటికి పట్టీ కట్టాలి, టైమవగానే విప్పేయాలి, ఆ సంగతి తాడేపల్లిగూడెంలో మూడో మనిషికి తెలియకూడదు.

భర్త వీరవెంకటరమణ ఉల్లిపాయల హోల్‌సేల్ వ్యాపారి. మనిషి మంచివాడే గానీ నోరు మాత్రం మైకు. లారీవాళ్లను కేకలేసేవాడు, హమాలీలను కేకలేసేవాడు, కంచం ముందు కూర్చుంటే ఉప్పు ఎక్కువైందనో తక్కువైందనో రత్నాంబను కేకలేసేవాడు. అలాంటివాడు కొన్ని నెలలుగా నోరు మెదపడం మానేశాడు. నిద్ర లేదు, దేని మీదా మనసు లేదు. ఓ రోజు రత్నాంబ పప్పులో ఉప్పు వేయడం మరిచిపోయింది. రమణ ఆ చప్పిడి పప్పన్నం ఆఖరి మెతుకు దాకా తిని, చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. ఆమెకు భయమేసింది. మర్నాడే ఏలూరు తీసుకెళ్లింది.

"డిప్రెషనమ్మా" అంది డాక్టర్ శ్రావ్య. "మాత్రలతో పాటు ఇది కూడా వాడి చూద్దాం. ఈ పట్టీలో రెండు స్పాంజిలుంటాయి. ఈ సెలైన్‌తో, అంటే ఉప్పునీళ్లతో, తడిపి నుదుటికి పెడితే కొద్దిపాటి కరెంటు వెళ్తుంది. కాస్త చిమచిమలాడుతుంది, అంతే."

"కరెంటే! షాకిస్తారాండీ?"

"అది వేరు, ఇది వేరండీ. ఇది బ్యాటరీతో నడిచేది, నడుస్తున్నంతసేపూ పట్టీ మీద పచ్చ దీపం వెలుగుతుంది. మెలకువగానే ఉంటారు. అందరికీ ఒకేలా పనిచెయ్యదు, కొన్ని వారాలు ఓపిక పట్టాలి. మధ్యలో ఎవరూ కదిలించకూడదు."

ఇన్ని మాటల్లో రత్నాంబ చెవిలో నిలిచిపోయింది కరెంటు ఒక్కటే. తలకి కరెంటు పెడుతున్నారని తెలిస్తే రమణకు పిచ్చెక్కిందని బజారంతా చెప్పుకుంటుంది. అందుకే తలుపు తట్టిన వాళ్లందరికీ ఒకటే మాట చెప్పింది. "పూజలో ఉన్నారండీ."

రమణ పూజా! పక్క కొట్టు శేషగిరిరావుకు నమ్మకం కుదరలేదు. మెల్లగా కిటికీలోంచి తొంగిచూశాడు. నుదుటికి తెల్లటి పట్టీ, మూసిన కళ్లు, కనుబొమ్మల పైన మినుకుమినుకుమంటున్న పచ్చటి వెలుగు. ఆయన చేతులు వాటంతటవే జోడించుకున్నాయి.

సాయంత్రం అరుగు మీద కూర్చున్న రమణ దగ్గరికి వినయంగా వచ్చాడు. "రమణగారూ, ఉల్లి సరుకు నిల్వుందండి. ఉంచమంటారా, అమ్మెయ్యమంటారా?"

రమణ నిట్టూర్చాడు. "ఉంచితే కుళ్లిపోతాయి. అమ్మితే వెళ్లిపోతాయి. ఏదైనా పోయేదే కదండీ."

శేషగిరిరావుకు కుళ్లిపోతాయన్న మాట ఒక్కటే వినిపించింది. ఇంటికి వెళ్లి ఉన్న సరుకంతా అమ్మేశాడు. మర్నాడే మహారాష్ట్ర లారీలు బారులు తీరాయి, ధర పడిపోయింది.

ఇక ఆపేదెవరు! మిల్లువాళ్లు వచ్చారు, మార్కెట్ యార్డువాళ్లు వచ్చారు. పెదపాడు నుంచి చెరువుల రైతు ఒకాయన వచ్చి, "రొయ్య వెయ్యమంటారా, చేప వెయ్యమంటారా అండీ?" అని అడిగాడు. "ఏది వేసినా చివరికి వలలోకేగా" అన్నాడు రమణ, గోడవైపు చూస్తూ. ఆ మాటలు విని రత్నాంబ వంటింట్లో ఏడ్చుకునేది. జనం వాటినే ఫోన్లలో స్టేటస్ పెట్టుకునేవారు.

ఓ రోజు ఆమె స్పాంజిలు తడుపుతుంటే శేషగిరిరావు లోపలికే వచ్చేసి దోసిలి పట్టాడు. "తీర్థం, చెల్లెమ్మగారూ!"

కాదంటే ఏంటని అడుగుతాడు. పోసింది.

"ఉప్పగా ఉందేంటండీ?"

"అంతర్వేదిదండీ అన్నయ్యగారూ. గోదారి సముద్రంలో కలిసే చోటు కదా."

ఆ వెనక వరస కట్టిన వాళ్లందరికీ పోయక తప్పలేదు. "వారానికి సరిపడా ఇచ్చిన సెలైన్ ఒక్కపూటలో ఎలా అయిపోయిందమ్మా?" అని ఫోన్లో డాక్టరు అడిగితే, "ఒలికిపోయిందండీ" అంది రత్నాంబ. అబద్ధం అబద్ధాన్ని కంటోందని ఆమెకు తెలుస్తూనే ఉంది. కానీ పట్టీ ఆపడానికి మనసు రాలేదు. మొన్న రమణ "ఆ ఫ్యానేంటి, కిర్రుమంటోంది?" అన్నాడు. అంతే, మళ్లీ మాట లేదు. ఆ ఒక్క ముక్క కోసం ఆమె ఎన్ని అబద్ధాలైనా ఆడేటట్టుంది.

శుక్రవారం శేషగిరిరావు ఏకంగా భజన పెట్టించాడు. పులిహోర ప్రసాదం పని రత్నాంబ మీద పడింది. ఓ చెయ్యి పోపులో, ఓ కన్ను ముందు గదిలో. కిటికీ బయట తాళాలు మోగుతున్నాయి. టైమైంది, పట్టీ మీద దీపం ఆరింది.

"జ్యోతి లోపలికి వెళ్లిపోయింది!" అని ఎవరో అరిచారు.

రమణ కళ్లు తెరిచాడు. పట్టీ పీకి పక్కన పెట్టి, తలుపు తీసి బయటికి చూశాడు. ఉల్లిపాయల బస్తాల మీద చెప్పులు!

"ఎవడ్రా అది! సరుకు మీదా చెప్పులు విడిచేది? కళ్లు కనబడట్లేదా?"

వంటింట్లో గరిటె ఆగిపోయింది.

"స్వామివారు ఉగ్రరూపం దాల్చారు" అని శేషగిరిరావు వంగి దండం పెట్టాడు.

"స్వామేంటండీ మీ మొహం! నాకు డిప్రెషన్. ఏలూరు డాక్టరమ్మగారు బ్యాటరీ పెట్టి వైద్యం చేస్తన్నారు. లేవండి, బేరాలయ్యే టైము!"

తాళాలు ఆగిపోయాయి. రత్నాంబ పులిహోర గిన్నెతో గుమ్మంలోకి వచ్చింది. ఇన్నాళ్లు దాచిందంతా బజార్లో పడింది. ఇప్పుడేమంటారో ఏమో!

శేషగిరిరావు లేచాడు, పంచె దులుపుకున్నాడు, రమణ చెవి దగ్గరికి వచ్చాడు. "ఆ డాక్టరమ్మగారు ఏయే రోజుల్లో ఉంటారండీ? నాకూ... చాన్నాళ్లుగా నిద్ర పట్టట్లేదు."

"నేనూ అడుగుదామనే అనుకుంటన్నానండి" అన్నాడు పెదపాడు రైతు, నేల చూపులు చూస్తూ.

రమణ ఇద్దరినీ అరుగు మీద కూర్చోబెట్టాడు. రత్నాంబ పులిహోర పెట్టింది. వాళ్లిద్దరూ మర్యాదగా తిన్నారు, బాగుందన్నారు. రమణ ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు.

"ఏవే రత్నం! ఉన్న ఉప్పంతా నా నెత్తికే రుద్దేశావా? ఇందులో ఏదీ?"

ఎన్ని నెలలైందో ఆ మాట విని! ఉప్పు డబ్బా కోసం లోపలికి వెళ్లిన రత్నాంబ, దాన్ని గుండెకు హత్తుకుని తనివితీరా ఏడుస్తూ అక్కడే నిలబడిపోయింది.

"ఉప్పు తెమ్మన్నాను గానీ, పండించమన్లేదు!" అని అరుగు మీంచి కేక వినిపించింది.